తుమ్ముల లెక్క

ఈ ప్రాంతంలో మిరియాలు ఎంత పండాయో తేల్చేది గోడౌను వాచ్‌మన్ ముక్కు. పొద్దున్నే తలుపు తీయగానే అతను ఎన్ని తుమ్ములు తుమ్మితే అన్ని వందల బస్తాల సరుకు ఉన్నట్టు. అంచనాల ఆఫీసరు పక్కనే నిలబడి లెక్కపెట్టి రిపోర్టు పంపేవాడు. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుందని పై ఆఫీసువాళ్లు వెక్కిరించారు గానీ, పదకొండేళ్లుగా ఆ లెక్క తప్పలేదు.

ఆ రోజు వాచ్‌మన్ తుమ్మలేదు.

ఆఫీసరు అతన్ని గుమ్మంలోకి నెట్టాడు. "ఏమయ్యా, ఇంకోసారి గట్టిగా పీల్చు!"

వాచ్‌మన్ నోరు తెరిచి, రొమ్ము ఉబ్బేలా పీల్చాడు. "ఏం లేదు సార్. వట్టి గాలే."

'సరఫరా సున్నా' అని రిపోర్టు వెళ్లింది. మధ్యాహ్నానికి ధర రెండింతలైంది. సాయంత్రానికి, మంచి ధర కోసం అటకల మీద దాచిన మిరియాలన్నీ లారీలెక్కి వచ్చేశాయి. గోడౌన్లో కాలు పెట్టే చోటు లేదు. అన్నిటికంటే ముందొచ్చిన లారీ వాచ్‌మన్ అక్కది.

ఆమె బస్తాలు దించాక వాచ్‌మన్ ఓ మూలకెళ్లి, ముక్కులోంచి రెండు దూది ఉండలు తీశాడు. వెనక్కి తిరిగితే ఎదురుగా ఆఫీసరు!

"రేటు లేక మా అక్క ఏడాదిగా ఏడుస్తోంది సార్. మా కడుపు కొట్టకండి."

ఆఫీసరు వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకున్నాడు.

"నావి లెక్కలోకి రావులే. నువ్వు మాత్రం ఆ దూది మళ్లీ పెట్టుకుని ఇంకో వారం తీయకు. మా మామగారి మిరియాలు ఇంకా ఎండలేదు."