వీధికంతా ఒకటే సొరకాయ

అనంతపురం దగ్గర ఆ వీధిలో ప్రతి పెరటికీ ఒక తోట యంత్రం ఉంది. ఆదివారం దానికి వారం పంట చూపిస్తేనే మరుసటి వారానికి నీళ్లు వదులుతుంది. ఈసారి ఎండకు పాదులన్నీ మాడిపోయి, ఓబులమ్మ పందిరికి మాత్రం ఒక్క సొరకాయ కాసింది. పొద్దున్నుంచీ అదే ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఐదో ఇంట్లో నాగరత్న దాన్ని కొంగుచాటు నుంచి తీసి యంత్రం ముందు పెట్టింది.

"ఈ కాయ నాలుగిళ్లలో నమోదైంది," అంది యంత్రం.

"ఓబులమ్మ వదినదీ మాదీ ఒకే విత్తనం సామీ. కవలపిల్లల మాదిరి ఉంటాయి."

"గోటిగాటు కూడా ఒకే చోట ఉంది."

లేతదో కాదో చూద్దామని ఓబులమ్మ గోరు గుచ్చిన చోటు అది. నాగరత్న గబుక్కున ఆ గాటు మీద బొటనవేలు పెట్టింది.

యంత్రం గొంతు తగ్గించింది. "గాటు కనపడకుండా తిప్పి పెట్టమ్మా. నేనూ పైవాళ్లకు పంట చూపించాల గదా."