లైటు గొట్టం

“ఎడం పక్కకి తిరుగు, త్రినాధరావూ. గడ్డం పైకెత్తు. ఇంకా,” అన్నారు పెద్ద డాక్టరుగారు.

త్రినాధరావు తిరిగాడు. గడ్డం ఎత్తాడు. కాంపౌండరు నాగూర్ మీరా రెండు చేతులతో అతని తల పట్టుకున్నాడు. మందు సీసాని పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

గొంతుకి మందు పూసి పది నిమిషాలైంది. నాలుక ఉందో లేదో తెలియడం లేదు. కిటికీలకి దుప్పట్లు కట్టేశారు. పట్టపగలే గది చీకటి. విప్పిన చొక్కా, చేతి గడియారం కుర్చీ మీద ఉన్నాయి.

విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద డాక్టరు సూర్యనారాయణగారు చెక్కపెట్టె తెరిచి గొట్టం బయటికి తీశారు. 1966లో అలాంటిది అనకాపల్లిలో ఎవరూ చూసి ఉండరు. పై సగం వంగని కడ్డీ. కింది సగం మాత్రం కొంచెం వంగుతుంది. కొసన కందిగింజంత బల్బు. బ్యాటరీ తగిలించగానే వెలిగింది.

“ఓలమ్మో!” అంది గోడవారగా నిలబడ్డ అప్పలనర్సమ్మ.

ఆవిడది కొండకర్ల. అరవై దాటాయి. తెల్లవారకుండానే బండి కట్టించుకుని వచ్చింది. బండి ఇంకా వాకిట్లోనే ఉంది. ఎడ్లని విప్పొద్దని తోలేవాడికి చెప్పి మరీ లోపలికి వచ్చింది. నిన్న రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆరిపోయిన చుట్ట ఒకటి పిడికిట్లో నలుగుతోంది.

“నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేదానివి. ఇంత లైటుకి భయమేటమ్మా?” అన్నాడు నాగూర్ మీరా.

“నోట్లో నిప్పు నాకలవాటే. కడుపులో నిప్పు ఎవులికలవాటు సాయిబూ?”

పెద్ద డాక్టరుగారు నవ్వలేదు. పొద్దున్నుంచి ఆవిడకి చెప్పిందే మళ్ళీ చెప్పారు. కడుపు వెనకాల క్లోమం అని ఒకటి ఉంటుంది. దానికి జబ్బు చేసి, నీరు నిండిన తిత్తి కట్టినట్టుంది. ఎక్స్‌రేలో సరిగా తేలలేదు. గొట్టం వేసి లోపలినుంచి చూస్తే కడుపు వెనక గోడ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. కనిపిస్తే ఆపరేషను చేసి ఆ నీటికి దారి చెయ్యొచ్చు. చూడకుండా వదిలేస్తే తిత్తి ఒకనాడు లోపలే పగులుతుంది.

“మూడు నెలల నొప్పమ్మా. ఇంక ఆగేది కాదు. సాయంత్రం రైలుకి నేనూ, ఈ పెట్టే వెళ్ళిపోతాం.”

“నూకాలమ్మ తల్లి దాసిపెట్టిన సోటు. మనం తొంగి సూడొచ్చా బాబూ?”

“చూడొద్దనుకుంటే మనిషికి ఇంత తెలివి ఎందుకిచ్చినట్టు?”

నాగూర్ మీరా పెదవులు “బిస్మిల్లా” అన్నట్టు కదిలాయి.

గొట్టం దిగింది.

త్రినాధరావుకి ముందు ఊపిరి పోయింది. తరవాత ముక్కు ఉందని గుర్తొచ్చింది. ‘ముక్కుతో గాలి తీసుకుంటే సరి’ అని చెప్పడం ఎంత తేలిక! పళ్ళ దగ్గర నుంచి కడుపు దాకా ఒకటే కడ్డీ. తల కదలదు. మెడ వంగదు. మింగబోతే మింగుడు పడదు. నోటి పక్క నుంచి చొంగ కారి చెవి కిందికి పోతోంది. రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొడుతుంటే పొట్ట సైకిలు ట్యూబులా బిగుస్తోంది.

వీధిలో బెల్లం బళ్ళు పోతున్నాయి. ఎడ్ల గంటలు వినిపిస్తున్నాయి. లోకమంతా కదులుతోంది, తను తప్ప. దేవుడి పేరు తలుచుకున్నాడు. పైకి అనే వీలు లేదు. గొంతు మూతపడ్డవాడి పిలుపు ఆయనకి చేరుతుందా?

చూపుడువేలు ఎత్తితే గొట్టం తీసేస్తారు. అదీ ఒప్పందం.

ఎత్తితే మాత్రం అంతా అయిపోయినట్టే. బండి కొండకర్ల వెళ్ళిపోతుంది. మళ్ళీ ఈ బల్ల ఎక్కడం ఉండదు. తిత్తి పగిలే రోజు కోసం ఎదురుచూడడమే మిగులుతుంది.

వేలు దానంతట అదే లేవబోయింది. రెండో చేత్తో పట్టుకుని బల్లకి అదిమాడు.

అప్పలనర్సమ్మ గుమ్మం వైపు చూసింది. మళ్ళీ బల్ల వైపు చూసింది. ఒక్క అడుగు ముందుకి వేసింది.

“కళ్ళంట నీళ్ళు కారతన్నాయి. నొప్పేటి బాబూ?”

అతను అదిమిన చెయ్యి తీసి, లేదన్నట్టు ఊపాడు.

“లోపల కాలిపోతన్నాదేటో! నన్ను సూడనీండి.”

డాక్టరుగారు జరిగి చోటిచ్చారు. ఆవిడ గొట్టం పై అద్దానికి కన్ను ఆనించింది. కదలకుండా చూస్తూ ఉండిపోయింది. త్రినాధరావు మనసులో లెక్కపెడుతున్నాడు. నలభై. యాభై. అరవై.

“ఎర్రగున్నాది. తడితడిగా నిగనిగలాడతన్నాది. తల్లి కుంకం బరిణిలో దీపం ఎట్టినట్టున్నాది.” ఆవిడ గొంతు మెత్తబడింది. “ఎక్కడా కాల్లేదు.”

“చాలా?”

“సాలు. తీసీండి బాబూ, పాపం.”

గొట్టం బయటికి వచ్చింది. త్రినాధరావు లేచి కూర్చుని పళ్ళెంలోకి ఉమ్మాడు. నోరారా గాలి పీల్చాడు. నాగూర్ మీరా తువ్వాలు అందించాడు. పెద్ద డాక్టరుగారు గొట్టాన్ని మందునీళ్ళతో కడగసాగారు.

అప్పలనర్సమ్మ నలిగిపోయిన చుట్టని నాగూర్ మీరా చేతిలో పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి, ఎడ్లని విప్పెయ్యమని కేకేసింది. తిరిగొచ్చి, కొంగు బిగించి, బల్ల అంచు పట్టుకుంది.

“నువ్వు మింగి సూపించేవు, ఇంక దిగు డాట్రుబాబూ, నా కడుపులో ఏటున్నాదో సూద్దురుగాని.”