పదకొండు సెకన్లు

“రాసుకోవడానికి చోటు చాలదేమో, ఇటు జరగండి,” అంటూ ఆమె కీబోర్డును పక్కకు నెట్టింది.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో రూళ్ల నోటు పుస్తకం.

మేనేజరు తలుపు తోసి తొంగి చూశాడు. “ఆడిటర్ గారు అప్పుడే వచ్చేశారా! పదకొండింటికన్నారే. ప్రోగ్రాం తనిఖీకి ఏం కావాలన్నా మా చెక్‌పోస్టుని అడగండి సార్. ఈవిడ కళ్లుగప్పి చీమ కూడా లోపలికి దూరలేదు.” తన జోకుకు తనే నవ్వాడు. వాళ్లిద్దరూ నవ్వకపోయేసరికి ఆమెకేసి తిరిగి, “కాగితంలో ఉన్నంతవరకు చెప్పు, చాలు,” అని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ కాగితం కంపెనీ లాయరు రాసిచ్చింది. ఆమె దాన్ని బల్లమీద బోర్లించింది.

“మామూలు మాటల్లో చెప్పండి. మొదట్నుంచీ,” అన్నాడాయన.

“ఆసుపత్రిలో సెలైన్ స్టాండుకి చిన్న పెట్టె తగిలించి ఉంటుంది చూడండి. నరంలోకి మందు ఎంత వెళ్లాలో అదే లెక్క కడుతుంది. ఆ లెక్క రాసేది మేం. నలుగురం, నాలుగు ఊళ్లలో ఉంటాం. మొత్తం ప్రోగ్రాం నకలు నలుగురి దగ్గరా ఉంటుంది. ఎవరి మార్పులు వాళ్లు చేసుకుంటారు. వాటిని నేను నా కంప్యూటర్లోకి తెచ్చుకుంటాను.”

“తెచ్చుకోగానే అసలు దాంట్లో కలిసిపోతాయా?”

“లేదండీ. తెచ్చుకోవడం వేరు, కలపడం వేరు. తెచ్చినవి పక్కన ఆగి ఉంటాయి. పాత వరసా కొత్త వరసా ఎదురెదురుగా పెట్టుకుని చదువుతాను. అనుమానం వస్తే వెనక్కి పంపుతాను. బావుంటేనే కలుపుతాను. తొమ్మిదేళ్లుగా నా పని అదే.”

“అన్నీ చదువుతారా?”

“చదివేదాన్ని.”

ఆయన పెన్ను ఆగింది. ఆమె తెరమీద ఒక పేజీ తెరిచింది. ఎడమవైపు ఎర్రగా, కుడివైపు పచ్చగా వరసలు.

“ఇదే ఆ మార్పు. రెండు వందల పన్నెండు వరసలు. ఈ ఒక్కటి చూడండి. ఇదివరకు రోగి బరువు నింపకపోతే పెట్టె కూత పెట్టి ఆగిపోయేది. ఆ కూతతో వేగలేకపోతున్నామని ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులొచ్చాయి. మావాడొకడు దాన్ని మార్చాడు. బరువు నింపకపోతే అరవై కిలోలనుకుని మందు ఎక్కించెయ్యమని.”

“అరవై,” అన్నాడాయన.

“పెద్దవాళ్ల బరువు. ఆ రోజు ఎమర్జెన్సీ వార్డులో ఊపిరి సలపని హడావిడి. నర్సు బరువు నింపలేదు. ఆగాల్సిన పెట్టె ఆగలేదు, ప్రాణం తీసేంత మందు ఎక్కించేసింది. మంచం మీదున్నది పదహారు కిలోల పాప.”

“పదహారున్నర.” పుస్తకంలోకి చూడకుండానే అన్నాడు.

ఆమె తెర నుంచి ఆయనకేసి తిరిగింది. “అవును. పదహారున్నర.”

“దీన్ని ఎంతసేపు చదివారు?”

“తెరిచిన టైమూ, ఒప్పుకున్న టైమూ ఇక్కడే పడతాయి. పదకొండు సెకన్లు.”

“ఆ కాస్త టైములో ఇన్ని వరసలు చదవొచ్చా?”

“చదవలేం. నేను చదవలేదు.”

“ఎందుకని?”

“నాలుగింటికల్లా కొత్త ప్రోగ్రాం ఆసుపత్రులకి వెళ్లిపోవాలి. చిన్న మార్పేగా, కలిపెయ్యమని మేనేజరు మెసేజ్ పెట్టాడు. అదీ ఉందిక్కడ. ఆయన పెడితే మాత్రం, నొక్కింది నా వేలేగా. అప్పటికే ముప్పయ్యారు చదివి ఉన్నాను. కళ్లు మండుతున్నాయి. రాసినవాడు నెమ్మదస్తుడు, తప్పు చెయ్యడులే అనుకున్నాను.”

“ఇంకేమైనా అనుకున్నారా, ఆ పదకొండు సెకన్లలో?”

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

“కాఫీ చల్లారిపోతోందనుకున్నాను.”

ఆయన ఆ మాట కూడా రాసుకున్నాడు. కాగితం చిరిగేంత నొక్కి రాశాడు.

ఆమె సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆయన ముందు పెట్టింది. “ఇందులో మొత్తం ఉంది. మొదటి రోజు నుంచీ ప్రతి మార్పూ, ఎవరు రాశారు, ఎవరు ఒప్పుకున్నారు, ఆ మెసేజుతో సహా. అందరి నకళ్లూ సరిచేయించాలని పొద్దున మీటింగులో అనుకున్నారు. ఇక ఆ వరస దగ్గర నా పేరూ ఉండదు, టైమూ ఉండదు. తప్పంతా నర్సుదని తేలుతుంది. ఆ నర్సు పిల్లని అప్పుడే పనిలోంచి తీసేశారు.”

“మీకు మంచిదేగా?”

“బయట ఒక్క నకలున్నా వాళ్లు ఎన్ని మార్చీ లాభం లేదు. దగ్గర పెట్టుకోండి.”

“మీ ఉద్యోగం పోతుంది.”

“ఉద్యోగంతో పోతే అదృష్టమేనండి. జైలు కూడా ఉంటుందంటున్నారు.”

ఫోన్ మోగింది. రిసెప్షన్ అమ్మాయి గొంతు ఆయనకూ వినిపించింది. “మేడమ్, ఇక్కడ ఇంకొకాయన వచ్చారు. ఆడిటర్ తనేనంటున్నారు.”

ఆయన లేచి నిలబడ్డాడు. పెన్‌డ్రైవ్ పిడికిట్లో ఉంది.

“మీరు పొరబడ్డారని తెలిసీ ఊరుకున్నాను. నేను ఆడిటర్ని కాదు. ఆ పాప నాన్నని.” పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకున్నాడు. “ఆ నర్సు ఇంటికెళ్లి నానా మాటలూ అనొచ్చానమ్మా. పదిహేను రోజులుగా మీ ఆఫీసు బయట నిలబడుతున్నాను, తోసేస్తున్నారు. ఇవాళ గేటు దగ్గర కొత్త మనిషి సలాం కొట్టి మరీ లోపలికి పంపాడు. ఎందుకో నాకే తెలీదు.”

ఆమె రిసీవరు పెట్టేసింది.

“కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. మీరే ఆడిటరని గేటుకి ఫోన్ చేసింది నేనే,” అంది.