పాముల పుస్తకం

"నిన్న చెప్పిందే మళ్ళీ చెబుతున్నా దేవమ్మా. ఈ పుస్తకం మన బడికొద్దు. జహంగీర్ నాలుగింటి బస్సుకి పోతన్నాడు, ఈలోగా తిరిగి ఇచ్చెయ్!"

హెడ్మాస్టర్ ఏలియా గారి వేలు పుస్తకం అట్ట మీద ఆగింది. అట్ట నిండా పడగ విప్పిన తాచు. మాచర్ల పక్కనున్న ఆ మిషన్ బడికి ఏడాదికి ఒక్క పుస్తకమే కొంటారు. ఊరూరా తిరిగి పుస్తకాలమ్మే జహంగీర్ తెచ్చిన మూటలోంచి దేవమ్మ టీచర్ ఏరికోరి తీసింది దీన్నే.

"పసిపిల్లలకి సాతాను బొమ్మలా? రాజుల కథలు దొరకలా?"

"రాజుల కథలకి నిద్రపోతన్నారండీ. దీన్నయితే వారం నుంచీ వదలట్లేదు." అంది దేవమ్మ. "పోయినేడు మన శామ్యూల్‌ని పాము కరిస్తే మంత్రగాడి కాడికి మోసుకుపోయారు. ఆస్పత్రి మాట ఒక్కరికీ తోచలా. ఇంకో పిల్లాణ్ణి పోగొట్టుకోలేనండీ."

శామ్యూల్‌ని పూడ్చిననాడు ఏలియా గారూ ఏడ్చారు. కానీ ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"మూడింటికి నేనే వచ్చి తీసుకుపోతా" అన్నారు.

దేవమ్మ మూడో తరగతి గదికి వెళ్ళి కూర్చుంది. బల్ల కింద ఆమె అన్నం బుట్ట, మూతకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

"అన్నం తినలేదేంది టీచరమ్మా?" అంది ముందు వరసలో కూర్చున్న అబిదా.

"ఆకలి కాలేదే. పుస్తకం చూసుకోండి, కాసేపేగా."

చెప్పినట్టే మూడింటికి ఏలియా గారు వచ్చారు. పిల్లల మధ్య ఉన్న పుస్తకం తీసుకుని రెండడుగులు వేశారో లేదో, కాళ్ళ దగ్గర ఏదో మెదిలింది. లావుగా, మట్టిరంగులో, రెండు కొసలూ మొద్దుగా.

"రెండు తలల పాము!" ఆయన ఒక్క గెంతున బెంచీ ఎక్కారు. "నాకితే కుష్ఠే! ఒరేయ్, కర్ర తెండి!"

పిల్లలు గోడకి అతుక్కుపోయారు. దేవమ్మ కుర్చీలోంచి కదల్లేదు. భయంతో బిగుసుకుపోయిందనుకున్నారు అందరూ. ఎవరో కర్ర అందించారు. ఏలియా గారు ఎత్తారు.

అబిదా వచ్చి అడ్డం నిలబడింది.

"కొట్టమాకండి సార్! దానికి విషం లేదు."

"పక్కకి పోవే! రెండు తలలే దానికి!"

"ఆ కొసన కళ్ళేవి సార్? అది తోక. తాచైతే నేనూ దగ్గరికి రాను. కరిస్తే మంత్రం కాదు, ఆస్పత్రికి పోవాల."

ఏలియా గారు వంగి చూశారు. నిజమే, కళ్ళు లేవు. యాభై ఏళ్ళుగా ఆయన ఒక తోకకి భయపడుతున్నారు.

"ఎవరు చెప్పారే నీకు?"

"మీ చేతిలోనే ఉంది సార్."

బయటినుంచి జహంగీర్ కేక వినిపించింది. ఏలియా గారు బెంచీ దిగి, పుస్తకాన్ని అబిదా చేతిలో పెట్టి, ముఖం తిప్పుకున్నారు.

"ఇది ఇక్కడే ఉంటదని అతనికి చెప్పండి. ముందు దాన్ని బయటికి పంపండి."

"నేను తీసుకుపోతాలేండి" అంటూ దేవమ్మ గుడ్డ విప్పి ఉన్న అన్నం బుట్ట పట్టింది.

సాయంత్రం ఆమె ఊరి చివర, పాములాడించే బసవయ్య గుడిసె ముందు ఆగింది.

"ఇదిగో అన్నా, పొద్దున అడిగి పట్టుకుపోయిన నీ పాము."