ఇంకొక్క చేప

పడవ ఎక్కిన కాసేపటికే బ్రెంట్‌కి ఇంటి ధ్యాస పట్టుకుంది.

"మామయ్యా, భోజనాల వేళకి ఒడ్డుకి చేరిపోతామన్నారు. గుర్తుందిగా?"

"గుర్తుంది," అన్నాడు ఐనార్, తల తిప్పకుండా.

కూట్నీ సరస్సు కదలకుండా పడుంది. రెండు వైపులా కొండలు గోడల్లా లేచాయి. పెద్ద ఇంజను ఆపేసి ఉంది; వెనక చిన్న మోటారు మాత్రం గుడగుడమంటోంది. మనిషి నడకకన్నా నెమ్మదిగా పడవ వంకరలు తిరుగుతూ పోతోంది. కోకనీ చేపని అలాగే పట్టాలి. నీళ్ళలో లోతుగా తళతళలాడే రేకులు, వాటి వెనక గులాబిరంగు పూసల గాలం, గాలం కొనకి ఒక మొక్కజొన్న గింజ. ఈడ్చుకుంటూ పోవడం, ఎదురుచూడటం. అంతే పని.

బ్రెంట్ ఫోను తీసి చూశాడు. సిగ్నల్ లేదు. సరస్సు నడిమధ్యకి ఎప్పుడూ రాదు.

భార్య మారిట్‌ని ఇంతసేపు పలకరించకుండా వదిలేసింది లేదు. పనిలో ఉన్నా గంటగంటకీ ఫోను చేస్తాడు. రెండో రింగుకల్లా ఆమె ఎత్తాలి. ఎత్తకపోతే అతనికి కాలూ చెయ్యీ ఆడదు. మొన్నామధ్య మెట్ల మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చూసుకుని నడవదు, ఏం చెప్పినా బుర్రకెక్కదు. అలాంటి మనిషికి కారెందుకని తాళంచెవి తనే తెచ్చేసుకున్నాడు. జేబు తడుముకున్నాడు. ఉంది.

"నేను లేకపోతే మీ అమ్మాయికి ఏమీ తోచదు మామయ్యా."

"చూస్తూనే ఉన్నాగా, పెళ్ళయిన దగ్గర్నుంచీ," అన్నాడు ముసలాయన.

అంతలో గాలపు కర్ర వంగింది.

"నీదే! మెల్లగా అల్లుడూ, మెల్లగా..."

బ్రెంట్ ఒక్క గుంజు గుంజాడు. దారం తేలికైపోయింది.

"దీని నోరు మెత్తన. గట్టిగా లాగితే చిరిగిపోతుంది."

"నాకు నేర్పక్కర్లేదు!"

కర్రని దభీమని పడవ అంచుకేసి కొట్టాడు. కాఫీ ఫ్లాస్కు దొర్లిపోయింది. మరుక్షణం తనే వంగి దాన్ని తీశాడు, తుడిచాడు, మూతలో కాఫీ పోసి మామగారికి అందించాడు.

"సారీ మామయ్యా. రాత్రి నిద్రలేదు."

ఐనార్ అందుకున్నాడు. తాగకుండా పక్కన పెట్టాడు. చల్లారాక తాగుతాడేమో, అనుకున్నాడు బ్రెంట్.

ఎండ ముదిరాక దూరంగా ఫెర్రీ కనిపించింది. కార్లనీ మనుషులనీ ఎక్కించుకుని తూర్పు ఒడ్డుకి పోతోంది. కమ్మీల దగ్గర జనం చీమల్లా ఉన్నారు. ఊసుపోక బ్రెంట్ చెయ్యి ఊపాడు. ఐనార్ మాత్రం టోపీ తీసి లేచి నిలబడ్డాడు. ఫెర్రీ అవతలి రేవు చేరేదాకా కూర్చోలేదు.

"తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఇంత దూరం నుంచి ఎవరు కంటికి ఆనుతారు నాకు?"

భోజనాల వేళ దాటింది. మంచుపెట్టెలో వెండిరంగు చేపలు బాగానే పోగయ్యాయి.

"ఇక పోదామా?"

"ఇంకొక్క చేప."

ఆ ఒక్కటీ పడింది. ముసలాయన మళ్ళీ గింజ గుచ్చి గాలం వదిలాడు.

"ఇంకొక్కటి."

బ్రెంట్ విసురుగా లేచి పెద్ద ఇంజను దగ్గరికి వెళ్ళాడు. దాని తాళంచెవి లేదు.

"ఏది?"

ఐనార్ చొక్కా జేబు మీద తట్టి చూపించాడు.

"ఇవ్వండి."

"ఇస్తాను. ఇంకొక్క చేప పడనీ."

"నన్ను ఖైదు చేశారా ఏంటి?"

"చేపలకి తీసుకొచ్చాను. నీకు ఖైదులా ఉందా?"

అలాగే ఉంది. దూకుదామంటే, ఈది ఒడ్డు చేరేలోగా ఒళ్ళు కొయ్యబారిపోయే నీళ్ళు. అరిస్తే కొండలే బదులు చెప్తాయి. గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసినట్టు బ్రెంట్‌కి ఊపిరాడలేదు. ఈ వేళకి ఇల్లు ఎలా ఉందో, మారిట్ ఎవరితో మాట్లాడుతోందో, ఏం చేస్తోందో... తల పగిలిపోతోంది. ఎప్పుడు పట్టుకున్నాడో, ముసలాయన కాలరు అతని పిడికిట్లో ఉంది. రెండో చెయ్యి పైకి లేచింది.

ఐనార్ వెనక్కి జరగలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు.

"వేట ఎలా ఉందయ్యా?" పక్కనుంచి ఇంకో పడవ.

బ్రెంట్ కాలరు వదిలేశాడు. నలిగిన బట్ట సర్దాడు. లేచిన చేత్తోనే వాళ్ళకి హలో చెప్పాడు.

"బ్రహ్మాండం! మా మామయ్య ఒడ్డుకి రానంటున్నారు!"

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పడవ మళ్ళీ వంకరలు తిరిగింది. ఆ తర్వాత బ్రెంట్ గొంతు మారింది.

"మీకు దండం పెడతాను మామయ్యా. పోదాం. పిల్లలు నాకోసం చూస్తుంటారు."

పిల్లలు బుద్ధిమంతులు. నాన్న కారు చప్పుడు వినపడితే చాలు, టీవీ కట్టేసి, గదిలోకి పోయి కిక్కురుమనకుండా కూర్చుంటారు.

ఐనార్ మళ్ళీ గింజ గుచ్చి గాలం వదిలాడు. పడమటి కొండ నీడ పడవ మీదికి వచ్చేదాకా పడవని అలా తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు లేచి, తీరిగ్గా దారాలన్నీ చుట్టాడు. రేకులు తుడిచి పెట్టెలో సర్దాడు. జేబులోంచి తాళంచెవి తీసి పెద్ద ఇంజను స్టార్టు చేశాడు.

"పద, పోదాం."

"ఇప్పటికైనా కాస్త తొందరగా పోనివ్వండి," అన్నాడు బ్రెంట్.

ముసలాయన పొద్దున్నుంచీ మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూశాడు.

"తొందరెందుకురా, ఈపాటికి నా కూతురు పిల్లలిద్దర్నీ తీసుకుని నీ చెయ్యి అందనంత దూరం వెళ్ళిపోయింది."