మంచం కడ్డీ

నికెల్ పడదని పరీక్షలో తేలాక అమ్మ వాచీ, గొలుసు, చెవి దుద్దులు, చివరికి పిన్నీసులు కూడా వాడటం మానేసింది. అరచేతుల్లో పొక్కులు మాత్రం తగ్గలేదు.

"నాన్న మంచం కడ్డీ వల్లేనమ్మా ఇదంతా. దాని మీద పూత నికెలే. పట్టుకోకు" అన్నాను.

అది అద్దెకు తెచ్చిన రోగుల మంచం. నాన్నకు మాట పడిపోయింది, పిలవలేడు. ఆయన కాస్త మెదిలితే కడ్డీ అదురుతుంది. అందుకే అమ్మ కునుకు తీసినా కడ్డీ పట్టుకునే తీస్తుంది.

కడ్డీకి తువ్వాలు చుట్టాను. సాయంత్రానికల్లా విప్పేసింది.

"గుడ్డ చుడితే ఆయన కదిలింది నాకెలా తెలుస్తుందే? దురదదేముంది, గోక్కుంటాను. చదువెక్కువై నీకు చాదస్తం పట్టుకుంది."

ఇవాళ చర్మం డాక్టరు అమ్మ అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. పొక్కుల జాడే లేదు.

"మొత్తానికి నా మాట విన్నారు. ఇంతకీ ఏం మానేశారమ్మా?"

"మంచం వెనక్కిచ్చేశామండీ."

"మంచి పని చేశారు."

అమ్మ తలూపింది. మానిన ఆ చేత్తోనే కుర్చీ పక్కనున్న స్టీలు కడ్డీ పట్టుకుని, అదురుతుందేమోనన్నట్టు అలాగే కూర్చుంది.