అందరూ ఉన్న ఫొటో

“ఇంకొంచెం దగ్గరికి జరగండన్నా!” షరీఫ్ గొంతు చిరాకుతో బొంగురుపోయింది.

“నేను వాని పక్కన నిలబడనప్పా. బోరు నీళ్ళు పంచనోడు ఫొటోలో పక్కన నిలబడతాడంట!” అన్నాడు పెద్దకొడుకు రంగన్న.

“నీళ్ళు యాడుండాయన్నా పంచేకి? నా బోరులో దుమ్మే కదా వస్తాండేది. కావల్లంటే సగం దుమ్ము తీసుకో!” చిన్నవాడు దివాకర్ ఎగతాళి చేశాడు.

వాకిట్లో చుట్టాలు ముసిముసిగా నవ్వుకున్నారు.

షరీఫ్ కెమెరా దించి చెమట తుడుచుకున్నాడు. ఇరవయ్యేళ్ళు పరదేశపు యుద్ధాలను, తిరుగుబాట్లను చిత్రించినవాడు. కురుక్షేత్రాన్నైనా ఒక్క చట్రంలో ఇముడ్చేవాడేమో గానీ, ఈ ఇద్దరు అన్నదమ్ములను ఇమడ్చలేకపోతున్నాడు. ఫిరంగుల మోతకు చెదరని ఓర్పు ముదిగుబ్బ ఎండకు ఆవిరైపోతోంది.

“రక్తం చూసింది చాలు, ఇక సంసారుల ముఖాలే తీస్తా” అని తల్లి జుబేదాబీకి మాట ఇచ్చి, పోయిన నెలే ఊళ్ళో స్టూడియో తెరిచాడు. ఇది తొలి పిలుపు. రానని ఎంత చెప్పినా ఈ అన్నదమ్ముల తల్లి సుబ్బలక్ష్మమ్మ వదలలేదు. ఇందుకేనా తాను ఇల్లు చేరింది?

నడుమ కుర్చీలో ఆమె భర్త గంగాధరప్ప కొత్త పంచెతో, నొసట విభూతితో కూర్చుని ఉన్నాడు. ఆయన పలకలేదు. కొడుకుల తగవులో ఆ తండ్రి మాట ఏనాడు చెల్లింది గనుక?

సుబ్బలక్ష్మమ్మ భర్త తలపాగా సవరించింది.

“కంటి ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్లద్దాలు నేనే పెట్టినా. బాగుండాదా, నాయనా?”

“బాగుంది పెద్దమ్మా. వాళ్ళను కొంచెం…”

ఆమె కొడుకుల వైపు తిరిగింది. “ఒరే, మీ నాయన మిమ్మల్ని ఆస్తి అడగల్యా, అన్నం అడగల్యా. ఇద్దరూ చెరోపక్క నిలబడిన ఫొటో ఒగటే అడిగినాడు. ఎండెక్కుతాండాది. మళ్ళా తీసేకి కుదరదు.”

నవ్వులు ఆగిపోయాయి. రంగన్న తల వంచుకుని వచ్చి కుర్చీకి కుడివైపున నిలిచాడు. క్షణం తటపటాయించి, దివాకర్ ఎడమవైపుకు చేరాడు.

షరీఫ్ ఊపిరి బిగపట్టి మీట నొక్కాడు.

“అయింది” అని అతడు కెమెరా దించగానే, అన్నదమ్ములిద్దరూ చెరో భుజం పట్టి గంగాధరప్పను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పాడె మీదికి ఎత్తారు.